బాస్కెట్‌బాల్ ఆటలో కాపుదల
(రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఏ ఊరిలోనైనను ఆట ముగిసి జనులు ఇండ్లకు మరలునప్పుడు దారిలో వినబడు ప్రశ్న ఒక్కటే: "ఎవడెన్ని వేసినాడు?" ఎవడెన్ని ఆపినాడని అడుగువాడు అరుదు. బంతిని బుట్టలో వేసినవాని పేరు పిల్లల నోట మూడు దినములు నలుగును. ఆ బంతి తన బుట్టలో పడకుండ కాచినవాని పేరు ఆ సాయంకాలమే మరుగున పడును. జొన్నచేనిలో మంచె యెక్కి వడిసెల త్రిప్పినవాని కష్టము సైతము ఇట్టిదే. కల్లములో కొలుచునది గింజలనే గాని అతడు తోలిన పిట్టలను గాదు. పిట్టల పాలు గాక మిగిలిన గింజలలో వాని వంతు ఎంతయో సంజామల రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. బాస్కెట్‌బాల్ ఆటలో అట్టి మంచెకాపు పనిని గూర్చియే ఈ ప్రసంగము.

ఈ ఆట పుట్టుకయే కాపుదలతో ముడిపడియున్నది. 1891వ సంవత్సరము డిసెంబరు నెలలో, అమెరికా దేశమందలి స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున, వై.ఎం.సి.ఎ. వారి శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అను కెనడా దేశీయుడు వ్యాయామోపాధ్యాయుడుగా నుండెను. మంచు కురియు చలికాలములో నాలుగు గోడల నడుమ ఆడదగిన క్రీడ యొకటి ఆ పాఠశాలకు కావలసివచ్చెను. బంతిని పట్టుకొని పరుగెత్తుటవలననే ఎదుటివారు మీదపడి పడవేయుదురనియు, దెబ్బలకు మూలము అదియే యనియు నైస్మిత్ గ్రహించి, బంతితో పరుగును నిషేధించెను. ఇక మిగిలినది గోలు సంగతి. గోలు నేలమీద నుండినచో ఆడువారు బలముకొలది బంతిని విసరుదురు. కాచువారందరు గోలు ముందు గుంపుగూడి దారి మూసివేయుదురు. దానిని తలలకంటె ఎత్తున, నోరు ఆకాశమునకు ఉండునట్లు కట్టినచో బలము పనికిరాదు, గురి కావలెను. గుంపుగూడి నిలిచినను ప్రయోజనముండదు, ఏలయన బంతి వారి తలలమీదుగా పోవును. ఈ ఆలోచనతో వ్యాయామశాలలోని మేడవసారా కటకటాలకు పది అడుగుల ఎత్తున రెండు పండ్ల బుట్టలను మేకులతో కొట్టించిరి. పక్షమునకు తొమ్మండుగురు చొప్పున ఆడిన ఆ మొదటి ఆటలో పడినది ఒక్కటే గోలు.

ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. బుట్ట క్రింద నిలిచి కాచుట అను సులువైన ఉపాయమును ఆటను కనిపెట్టినవాడే మొదటనే కొట్టివేసినాడు. తరువాతి కాలమున మిక్కిలి పొడగరులు వచ్చి, బుట్టలోనికి దిగుచున్న బంతిని చేతితో త్రోసివేయ నారంభించగా, అమెరికా కళాశాలల క్రీడాసంఘము 1944లో దానిని సైతము నిషేధించెను. క్రిందికి దిగు బంతిని బుట్టపైన తాకరాదు. కావున ఈ ఆటలో కాచవలసినది బుట్టను గాదు. బుట్టకు పోవు దారిని కాచవలెను. అంతకంటె ముఖ్యముగా ఆ దారిన పోవదలచిన మనుష్యుని కాచవలెను.

హారీ క్రో బక్ అను అమెరికా దేశీయుడు 1920లో మద్రాసునందు వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలను స్థాపించెను. దక్షిణదేశపు పాఠశాలలలో డ్రిల్లు మాస్టరు అనగా కేవలము కవాతు చేయించువాడు కాక ఆటలు నేర్పువాడని పేరు వచ్చుటకు ఆ కళాశాల చేసిన సేవ గొప్పది. కర్నూలు సీమ 1953 వరకు మద్రాసు రాష్ట్రములోనిదే కదా. అయినను ఈ ప్రాంతపు పిల్లలకు కాపుదల నేర్పుటకు మద్రాసు నుండి గాని స్ప్రింగ్‌ఫీల్డు నుండి గాని గురువు రానక్కరలేదు. వారికి చెడుగుడు కలదు.

చెడుగుడులో కూతకు వచ్చినవాని ఊపిరియే గడియారము. కూత తెగినచో వాడు చచ్చినట్లే. క్రొత్తగా ఆడు కుర్రవాడు ఈ సంగతి మరచును. కూతగాడు గీత దాటి రాగానే వానిమీద దుముకును. వాడు చేతితో ఒక్క దెబ్బ తాకించి తన గీత చేరుకొనును. అనుభవము గలవాడట్లు చేయడు. మూలలో నడుము వంచి, చేతులు విడిచి, కూతగానితో పాటు ఒక అడుగు వెనుకకు, ఒక అడుగు ప్రక్కకు జరుగుచు వేచియుండును. ప్రక్కవాని చేయి వాని చేతిలో నుండును. కూతగాడు లోపలికి వచ్చినకొలది వాని గీత వానికి దూరమగుచుండును, ఊపిరి సన్నగిల్లుచుండును. ఎప్పుడో ఒకప్పుడు తాకవలెనను ఆత్రముతో కాలు చాచును. అప్పుడు మూలవాడు చీలమండను పట్టును. పట్టుట ఒక్కనిది, ఆపుట అందరిది. రెండవవాడు రెప్పపాటు ఆలసించినను కూతగాడు మొదటివానిని గీతదాక ఈడ్చుకొని పోవును.

కూతకు పోవువారు ఎంత మేటులైనను పట్టువారు గట్టివారైనచో ఏమగునో 2018లో జకార్తా ఆసియా క్రీడలలో భారతదేశమునకు తెలిసివచ్చినది. 1990లో బీజింగు క్రీడలయందు కబడ్డీ చేరినది మొదలు 2014 వరకు పురుషుల స్వర్ణపతకములు ఏడింటికి ఏడును భారతదేశమే గెలిచియుండెను. జకార్తాలో సెమీఫైనలునందు ఇరాను జట్టు 27–18 తేడాతో ఓడించెను. భారతజట్టుకు వచ్చిన పదునెనిమిది పాయింట్లే ఇరాను వారి పట్టు ఎట్టిదో చెప్పుచున్నవి. ఆ క్రీడలయందే మహిళల ఫైనలులోను ఇరానుదే పైచేయి అయినది, 27–24.

చెడుగుడులో మరియొక ధర్మమున్నది. పట్టినవానికి, తాకినవానికి పాయింటు సమానముగా నిత్తురు. ప్రో కబడ్డీ పోటీలలోనైతే, ముగ్గురో అంతకు తక్కువమందియో మిగిలియుండి పట్టినచో రెండు పాయింట్లు. కాచుటయు గెలుచుటయేనని ఆ ఆట ఒప్పుకొన్నది. బాస్కెట్‌బాల్ ఇంకను ఒప్పుకొనలేదు. ఎంత చక్కగ ఆపినను పలకమీద అంకె మారదు. అందుచేతనే పిల్లలు బంతి చేతికి రాగానే బుట్టవైపు పరుగెత్తుదురు గాని, బంతి పోగానే వెనుకకు పరుగెత్తరు.

అయితే చెడుగుడు ఆడినవాడు బాస్కెట్‌బాల్ మైదానములో దిగినప్పుడు ఒక అలవాటును గీత వెలుపలనే విడిచి రావలెను. అది పట్టుకొనుట. చెడుగుడులో చేయి ఆయుధము. బాస్కెట్‌బాల్‌లో అదియే అపరాధము. పట్టుట, నెట్టుట, కాలు అడ్డము పెట్టుట, భుజముతో పొడుచుట నైస్మిత్ వ్రాసిన పదమూడు నిబంధనలలోనే నిషిద్ధములు. నేటి అంతర్జాతీయ నిబంధనలలో ఐదు ఫౌళ్ళు చేసినవాడు ఆట విడిచి పోవలెను. పది నిమిషముల భాగమొకదానిలో జట్టు మొత్తమునకు నాలుగు ఫౌళ్ళు నిండినచో, ఆ తరువాతి ప్రతి ఫౌలుకును ఎదుటివారికి రెండు ఉచితపు బంతులు లభించును. గ్రామపు జట్లు చెడిపోవునది ఇక్కడనే. ఉత్సాహము గల కుర్రవాడు మొదటి పది నిమిషములలో మూడు ఫౌళ్ళు చేసి, జనుల చప్పట్లు పొంది, చివరి పది నిమిషములలో జట్టుకు పనికిరాక గట్టున కూర్చుండును. బంతిని లాగుకొనుటే కాపుదల అను భ్రమ వలన వచ్చు నష్టమిది.

చేతులు కట్టివేసినట్లుండగా ఎట్లు ఆపవలెను? కాళ్ళతో ఆపవలెను. పాదములు భుజములకంటె కొంచెము ఎడముగా నుంచి, మోకాళ్ళు వంచి, బరువును ముంగాళ్ళమీద నిలుపవలెను. మడమలు నేలకానించినవాడు మొదటి అడుగులోనే వెనుకబడును. ప్రక్కకు జరుగునప్పుడు కాలికి కాలు పెనవేసికొనరాదు. ముందు కాలు జరిగిన తరువాత వెనుక కాలు దానిని చేరవలెను. ఎదుటివానికిని తనకును నడుమ చేయి చాచినంత దూరముండుట మేలు. అంతకు దగ్గరగా పోయినచో వాడు ప్రక్కనుండి జారిపోవును. దూరముగా నుండినచో తీరికగా గురి చూచి వేయును. ఇవి వినుటకు చిన్నవి. నలుబది నిమిషములు నడుము దించి ఆడుట చిన్న పని గాదు. ఒక పూట వరినాట్లు వేసినవారికి ఆ బాధ తెలియును.

చూపును ఎక్కడ నిలుపవలెనన్నది తరువాతి మాట. బంతిని చూచువాడు మోసపోవును. బంతిని ఎడమకు చూపి కుడికి త్రిప్పుట ఆటగాని విద్య. కన్నులు అబద్ధమాడును, భుజములు అబద్ధమాడును, తల అబద్ధమాడును. నడుము మాత్రము అబద్ధమాడలేదు. నడుము ఎటు పోయిన మనిషి అటే పోవును. కావున చూపు ఎదుటివాని నడుముమీద నుండవలెను.

ఇట్లు నిలిచినవాడు ఎదుటివానిని ఎక్కడికి పోనీయవలెనో ముందే నిశ్చయించుకొనవలెను. పూర్తిగా ఆపుట ఎవరికిని సాధ్యము గాదు. మేటి ఆటగాడు ఎటో ఒకవైపు పోవును. ఆ వైపు ఏదో నిర్ణయించుట కాచువాని చేతిలో నున్నది. మైదానపు నడిమధ్య పోనిచ్చినచో వానికి కుడి, ఎడమ, ముందు మూడు దారులు తెరచుకొనును. ప్రక్కగీతవైపు త్రోలినచో ఒక దారి తనంతట మూసికొనిపోవును. గీత ఎన్నడును అలయని కాపువాడు. దానికి ఫౌళ్ళు లెక్కింపరు. కుడిచేతివాటము గలవానిని ఎడమచేత బంతి కొట్టుకొనునట్లు చేయుటయు ఇట్టి ఉపాయమే. అతడు ఎత్తి వేయునప్పుడు తాను చేతులు నిలువుగా పైకెత్తి, ఉన్నచోటనే నిటారుగా ఎగురవలెను. ముందుకు వ్రాలి కొట్టినచో ఫౌలు. తన చోట తాను ముందుగా నిలిచియుండగా ఎదుటివాడే వచ్చి రొమ్మును గ్రుద్దినచో ఫౌలు వానిదగును. ఈ సూక్ష్మము నెరిగినవాడు దెబ్బ తిని జట్టుకు బంతి సంపాదించును. ఇది పలుచోట్ల చూపరులకు అర్థముగాక రిఫరీ తిట్లు తినుట కలదు.

ఇంతవరకు చెప్పినది బంతి గలవానిని ఎదిరించువాని సంగతి. మిగిలిన నలుగురి పని ఇంతకంటె కష్టమైనది, ఎవరికిని కనబడనిది. బంతి దగ్గరనున్నవాడు తన మనిషిని అంటి యుండవలెను. బంతికి దూరముగా నున్నవాడు తన మనిషిని కొంత వదలి బుట్టవైపు దిగి, ఒక కంట తన మనిషిని, ఒక కంట బంతిని కనిపెట్టుచుండవలెను. ముందున్నవాడు ఓడినచో దగ్గరివాడు అడ్డము రావలెను. వాడు వదలిన మనిషిని మూడవవాడు అందుకొనవలెను. చెడుగుడులో మూలవాడు చీలమండ పట్టగానే ప్రక్కవారు వచ్చిపడుట ఇట్టిదే. ఒక భేదము మాత్రము చిత్రమైనది. చెడుగుడులో వచ్చినవాడు కూయును, కాచువారు మౌనముగా నుందురు. బాస్కెట్‌బాల్‌లో కాచువారే కూయవలెను. "ఎడమకు!", "వెనుక మనిషి!", "వీడు నావాడు!" అని ఐదుగురును ఎడతెగక కేకవేయుచుండవలెను. వెనుక ఎదుటిపక్షమువాడు స్తంభమువలె నిలిచియున్న సంగతి చెప్పకపోయినచో తనవాడు పోయి వానిని గ్రుద్దుకొనును. ఆటలో నోరు విప్పని జట్టు రాత్రివేళ దీపము లేని బండి.

వేసిన బంతి రింగుకు తగిలి తిరిగివచ్చినంత మాత్రమున కాపు ముగియలేదు. చాలమంది అక్కడనే తలయెత్తి నోరు తెరచి చూచుచుందురు. ముందు తన వీపును ఎదుటివాని రొమ్మునకు ఆనించి వానికి దారి లేకుండ జేసి, పిమ్మట బంతికై ఎగురవలెను. ఎంత చక్కగ కాచినను ఆ బంతి మరల వారికే చిక్కినచో పని మొదటికి వచ్చును.

ఇక కాలము సంగతి. కూతగాని ఊపిరి వంటి గడియారము బాస్కెట్‌బాల్‌కు మొదట లేకుండెను. దాని ఫలితము 1950 నవంబరు 22వ తేదీన అమెరికాలో కనబడినది. ఫోర్ట్ వేన్ పిస్టన్స్ జట్టువారు, మినియాపొలిస్ లేకర్స్ జట్టులోని జార్జి మైకన్ అను పొడగరికి భయపడి, బంతిని తమ చేతులలోనే దాచుకొని ఆటంతయు గడపిరి. ఫలితము 19–18. గెలిచినది పిస్టన్స్ వారే గాని చూచినవారు విసిగిపోయిరి. 1954లో సిరాక్యూస్ జట్టు యజమాని డానీ బయసోన్ ఒక లెక్క వేసెను. నలుబదియెనిమిది నిమిషముల ఆటలో 2880 సెకండ్లు. మంచి ఆటలో రెండు పక్షములు కలిసి రమారమి 120 మారులు బంతిని బుట్టకు వేయుదురు. భాగించిన 24. బంతి చిక్కిన 24 సెకండ్లలో వేసితీరవలెనను నియమము అట్లు పుట్టినది. అంతర్జాతీయ సంఘము 1956లో 30 సెకండ్లు పెట్టి, 2000లో 24కు దించినది. ఎక్కువ గోళ్ళు పడవలెననియే ఈ నియమము చేసిరి. కాని కాచువానికి ఇది వరమైనది. వాడిప్పుడు ఎదుటివానిని ఓడింపనక్కరలేదు, ఇరువదినాలుగు సెకండ్లు నిలుపగలిగిన చాలును. కడపటి నాలుగు సెకండ్లలో ఆత్రముతో వేయు బంతి, ఊపిరి తెగనున్న కూతగాడు చాచు కాలువంటిది.

నేలయే కాపువాడైన సందర్భము సైతము కలదు. 1936లో బెర్లిను ఒలింపిక్ క్రీడలలో బాస్కెట్‌బాల్ మొదటిసారిగా చేరినది. నైస్మిత్ స్వయముగా అచ్చటికి వచ్చెను. ఆటలు ఆరుబయట, మట్టి టెన్నిసు మైదానములలో జరిగెను. ఆగస్టు 14న ఫైనలునాడు వాన కురిసి నేల బురదయైనది. బంతిని కొట్టిన లేవదు. అమెరికా 19–8తో కెనడాను గెలిచెను. రేగడి నేలలో వాన వెలసిన మరునాడు నడిచినవారికి ఆ ఫైనలు ఎట్లు జరిగియుండునో వర్ణింపనక్కరలేదు. సంజామల వంటి నల్లరేగడి గ్రామములలో మైదానమునకు గరుసు తోలించి గట్టిపరచనిదే ఈ ఆట సగము సంవత్సరము సాగదు. ఈ మాట ఉపన్యాసమునకు కొంత వెలియైనను పంచాయతీ పెద్దలు వినదగినది.

కాపుదలయందు అందరికంటె గొప్ప పేరు గాంచినవాడు బిల్ రసెల్ అను నీగ్రో జాతి వీరుడని ఆ కాలపు పత్రికలు వ్రాసెడివి. నల్లజాతివారికి అనేక హోటళ్ళలో చోటీయని దినములవి. రసెల్ 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో స్వర్ణపతకము గెలిచి, బోస్టన్ సెల్టిక్స్ జట్టులో చేరి, 1969 వరకు ఆడిన పదుమూడు సంవత్సరములలో పదునొకండు మారులు ఆ జట్టును విజేతను గావించెను. ఎదుటివాడు వేసిన బంతిని అడ్డగించునప్పుడు ఇతరులు దానిని చూపరుల నడుమ పడునట్లు బలముగా కొట్టెడివారు. చప్పట్లు మ్రోగెడివి, బంతి మాత్రము మరల ఎదుటివారికే పోయెడిది. రసెల్ దానిని మెల్లగా తాకి తనవారి చేతికి అందునట్లు చేసెడివాడు. అడ్డుకొనుటలో ఇంతటి వివేకము మరియొకరియందు అరుదు.

ఆ కాలముననే విల్ట్ చాంబర్లైన్ అను మహాబలుడు 1962 మార్చి 2న ఒక్క ఆటలో నూరు పాయింట్లు వేసెను. ప్రపంచము నేటికిని ఆ నూరును చెప్పుకొనును. ఆ ఆటలో ఎదుటి జట్టుకు 147 పాయింట్లు వచ్చిన సంగతి ఎవరికిని జ్ఞాపకముండదు. ఆ ఏడే చాంబర్లైన్ జట్టు ఏడాటల పోరులో రసెల్ జట్టు చేత ఓడినది. ఉత్తమ ఆటగాడను గౌరవము రసెల్‌నకు దక్కినది. ఇంతటివాడు తన జీవితములో ఎన్ని బంతులు అడ్డగించెనని అడిగినచో ఉత్తరము లేదు. ఆ అంకెలను అమెరికా సంఘము 1973–74 నుండి మాత్రమే అధికారికముగా వ్రాయ నారంభించినది. అప్పటికి రసెల్ ఆట విరమించి నాలుగేండ్లయినది. గ్రంథాలయపు చిట్టాలో ఎరువిచ్చిన పుస్తకముల సంఖ్య ఉండును గాని, చెదలనుండి కాపాడిన పుస్తకముల సంఖ్య ఉండదు. అట్టిదే ఇదియు.

పాఠశాల జట్టుకు పిల్లలను ఏరునప్పుడు ఈ లోపము బాధించును. బంతి ఒక్కటే యున్న చోట, పది మందిని నిలిపి బుట్టకు వేయించి, ఎక్కువ వేసినవారిని తీసికొందురు. పొట్టివాడు, గురి లేనివాడు, బంతి కొననేరని ఇంటివాడు అక్కడనే రాలిపోవును. కాని కాపుదల నేర్చుటకు బంతితో పనిలేదు. సున్నపు గీత ఒకటి, జత ఒకడు చాలును. గీతవెంబడి ఒకడు పరుగెత్తుచు దారి మార్చుచుండగా రెండవవాడు చేతులు వెనుక కట్టుకొని కాళ్ళతోనే వాని ముందు నిలుచుట సాధన చేయవచ్చును. ఆడపిల్లలకును ఈ సాధన ఇంటి ముంగిటనే సాగును. ఆరు నెలలు ఇట్లు సాధించిన పొట్టివాడు పొడగరికి చుక్కలు చూపగలడు.

మరియొకటి, ప్రతి ఆటకు ఒక విద్యార్థిని గీతవెలుపల కూర్చుండబెట్టి రెండు వరుసల లెక్క వ్రాయింపవలెను. మొదటి వరుసలో వేసినవారి పేర్లు, రెండవ వరుసలో ఆపినవారి పేర్లు. గడువులోపల బంతి వేయనీయనివాడు, గురి తప్పించినవాడు, తిరిగివచ్చిన బంతిని దక్కించుకొన్నవాడు, ప్రక్కవాడు ఓడినప్పుడు అడ్డము వచ్చినవాడు, అందరును రెండవ వరుసకు చెందినవారే. ఆట ముగిసిన పిమ్మట పేర్లు చదువునప్పుడు ఆ రెండవ వరుసనే ముందు చదువవలెను. మొదటి వరుసలోని పేర్లు చదువకపోయినను ఊరంతటికి అప్పటికే తెలిసియుండును.